ఆదోనిలో తడవని కాగితం

ఎమ్మిగనూరు,
14 ఆగస్టు 2024

చెల్లి సునీతకు,

దేవుని దయ వల్ల ఇక్కడ అందరం తిని తిరుగుతున్నాం. కట్ట విప్పగానే నీ కళ్లు కాగితాల మీదికే పోతాయని తెలుసు. అందుకే ఉత్తరం అన్నిటికంటే పైన పెట్టాను. ఈ కాలంలో ఉత్తరాలేమిటని నవ్వకు. ఫోన్ మోగితే చాలు అత్త స్పీకరు పెట్టమంటుంది. ఆమె చెవి సంగతి నీకు కొత్తగా చెప్పాలా. తోడికోడళ్లం ఇద్దరం ఏం మాట్లాడుకున్నా వీధి చివర అంగడి దాకా వినిపిస్తుంది. మరుసటి రోజు కూరగాయలమ్మే ఆమె నన్నే అడుగుతుంది, మీ సునీతకు జలుబు తగ్గిందా అని.

పాత మగ్గాల షెడ్డు ఒకటి బాడుగకు తీసుకుని నలుగురు ఆడవాళ్లం పని మొదలుపెట్టాం. డ్రమ్ములో పాలలాంటి పూతమందు వస్తుంది. దాన్ని రోలరుతో మందపు కాగితానికి పూసి, తాళ్ల మీద ఆరేస్తాం. ఆరాక నీళ్లు పోస్తే పక్కకు జారిపోవాలట. మీ యజమాని శేషగిరి శెట్టి గారు ఈ కాగితంతో టమోటా పెట్టెలు చేయిస్తానన్నారు. కానీ మీ టెస్టింగు గదిలో పాసైతేనే అన్నారు. ఆ గదిలో ఉండేది నువ్వే అయ్యావు.

మాతో ఉన్న మేరి నీకు తెలుసు, మన చర్చిలో ముందు వరసలో కూర్చుని గట్టిగా పాడే పిల్ల. ఏటా మొగుడూ పిల్లలతో గుంటూరు వైపు మిరపకోత వలసకు, అదే సుగ్గికి, పోతుంది. పోయిన ప్రతిసారీ పిల్లలకు నాలుగు నెలల చదువు గాలికి పోతుంది. ఈ ఏడు పోవద్దు, నేను చూసుకుంటానని అందరి ముందూ మాటిచ్చాను. నా ధైర్యమంతా ఈ కాగితాలే.

తోడికోడలినని చూడకు. బాగుంటే బాగుందని చెప్పు, లేకుంటే లేదని చెప్పు. కానీ బాగుందనే చెప్పు.

కట్టను మీ బావ స్నేహితుడు, బస్సు డ్రైవరు సోమప్ప చేతికిస్తున్నాం. వెనక పడేస్తే ఎవరో ఒకరు దాని మీద కూర్చుంటారు, నీ కళ్ల ముందరే పెట్టుకో అన్నా అని ఒకటికి నాలుగుసార్లు చెప్పాను.

ప్రార్థనలో మమ్మల్ని తలుచుకో.
మీ అక్క,
కృపమ్మ


ఆదోని,
19 ఆగస్టు 2024

కృపక్కకు వందనాలు.

పాసైంది. ముందు ఆ మాట రాయకపోతే మిగతాది చదవవని మొదటే రాశాను.

ఎలా చేస్తామో అడుగుతావు కాబట్టి చెప్తున్నా. కాగితం ముక్కను తూచి, దాని మీద ఇనుప కడియం బిగించి, లోపల నీళ్లు పోస్తాం. ఒక నిమిషం ఆగి, నీళ్లు పారబోసి, పైతడి అద్ది, మళ్లీ తూస్తాం. పెరిగిన బరువే కాగితం తాగిన నీళ్లు. మీ కాగితం తాగింది అంతంత మాత్రమే. రెండోసారి చేసినా అంతే. నీ చేతి పని గట్టిదని మా అత్త ఊరికే అనదు.

శెట్టి గారు పత్తి వ్యాపారంలో తల నెరిసిన మనిషి. ఈ పెట్టెల పని కూడా పాత జిన్నింగు మిల్లులోనే పెట్టారు. గోడల మూలల్లో ఇంకా దూది పీచు దొరుకుతుంది. నువ్వు నా తోడికోడలివని నేనే ముందు చెప్పాను. దాచిపెట్టి తర్వాత తెలిస్తే బాగుండదు కదా. ఆయన నా మొహం చూసి, "పత్తి అయితే చేత్తో పట్టుకోని నేనే చెప్తాను. కాగితం సంగతి నాకు తెలీదు. నీ సంతకం చూసి తీసుకుంటా, అంతే," అన్నారు.

ఆ మాట అప్పటినుంచి నా మెడలో వేలాడుతోంది. పాసైన సంగతి మీవాళ్లకు చెప్పు. నా వల్ల పాసైందని మాత్రం చెప్పకు.

బావకు, అత్తకు, మేరికి వందనాలు.
సునీత


ఎమ్మిగనూరు,
27 సెప్టెంబరు 2024

సునీతా,

ఇది నాలుగో కట్ట. ముందు పంపిన మూడూ పాసయ్యాయి, లారీ రెండుసార్లు వచ్చి సరుకు తీసుకుపోయింది. మేరి పిల్లలకు కొత్త చెప్పులు కొన్నది. సంతోషమే.

అయినా ఒక మాట మనసులో పెట్టుకోలేక రాస్తున్నాను. పోయిన ఆదివారం మీ ఆయన అనిల్ ఇక్కడికి వచ్చి, ప్రార్థన అయ్యాక అందరూ టీ తాగుతుంటే నవ్వుతూ అన్నాడు: "మా వదిన పని ఇప్పుడు సునీత చేతుల్లో ఉండాది." తమాషాకే అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక ఆ నవ్వు అరగలేదు. నువ్వు కొత్తకోడలిగా వచ్చిన రోజు నీకు పొయ్యి ముట్టించడం నేను నేర్పాను. ఇప్పుడు నా చేతిపని బాగుందో లేదో నువ్వు తూచి చెప్తున్నావు. ఆ మాట ఇంట్లో నువ్వే అనుంటావు, లేకపోతే అతనికి తోచదు.

ఇక్కడ వానలు పట్టుకున్నాయి. షెడ్డు రేకుల కింద మొన్నటిదాకా ఎండకు రొట్టె కాలినట్టు ఉండేది, ఇప్పుడు చల్లగా ఉంది. కాగితాలు ఆరడానికి పొద్దంతా పడుతోంది. చేత్తో తాకితే అంటుకోవడం లేదు కాబట్టి ఆరినట్టే.

కృపమ్మ


ఆదోని,
21 అక్టోబరు 2024

అక్కా,

అనిల్ అన్న మాట నేను అనలేదు. ఆయన్ని అడిగాను, తలకాయ గోక్కున్నాడు. ఆ సంగతి మళ్లీ రాస్తాను. ఇప్పుడు రాయాల్సింది వేరే.

పత్తికొండ మార్కెట్టులో పెట్టెలు విడిపోయాయి. తెల్లవారుజామున మంచుతడి ఉన్న టమోటాలు నింపి ఒకదానిమీద ఒకటి పేర్చారట. లారీకి ఎత్తేటప్పటికి అడుగులు ఊడి, కాయలన్నీ మట్టిలో పడ్డాయి. ఆ పండ్లు తెచ్చిన రైతులు పెట్టెలిచ్చిన వ్యాపారి మీద పడ్డారు, ఆయన శెట్టి గారి మీద పడ్డాడు. శెట్టి గారు నన్ను పిలిపించి, మీ సరుకు పాసని నేను రాసిచ్చిన చీటీలు బల్ల మీద పరిచారు. ఒక్కొక్క చీటీ మీద నా సంతకం వేలితో చూపించారు. తిట్టి ఉంటే తేలికగా ఉండేది.

గోడౌనుకు పోయి, లారీలో వచ్చిన మీ కాగితం ఒకటి తెచ్చి పరీక్ష పెట్టాను. నీళ్లు పోసిన చోట నల్లగా నానిపోయింది. చేయి పెడితే మెత్తగా ఉంది. అదే రోజు సోమప్ప తెచ్చిన కట్టలోది పెట్టాను. నీటిచుక్క గుండ్రంగా నిలబడింది.

అక్కా, కోపం తెచ్చుకోకుండా చదువు. నాకు పంపే కాగితం, లారీకి ఎత్తే కాగితం ఒకటేనా? పరీక్షకు పోయేది కదా అని ఎవరైనా రెండు పూతలు వేస్తున్నారా? మందు తక్కువై నీళ్లు కలిపారా? నువ్వు కాదని తెలుసు. మిగతా వాళ్లను ఒకసారి కనుక్కో.

సునీత


ఎమ్మిగనూరు,
24 అక్టోబరు 2024

సునీతకు,

చదివాను. మేరికి కూడా చదివి వినిపించాను. నా నోటితో చెప్పడానికి మనసొప్పక నీ అక్షరాలే చదివాను. ఆ పిల్ల చేతిలోని రోలరు కింద పెట్టేసింది. "అక్కా, మనం దొంగలమా?" అని అడిగింది. ఏం చెప్పమంటావు?

"నువ్వు కాదని తెలుసు" అని ఒక వాక్యం తగిలించినంత మాత్రాన అడిగింది అడగనట్టు అవుతుందా? నీళ్లు కలిపామా అంటావా? నేను పెళ్లిళ్లకు వండితే, జనం ఎక్కువైనా పులుసులో అదనంగా నీళ్లు పోయని మనిషిని.

నాకూ ఒక అనుమానం ఉంది, రాస్తున్నాను. మొదట్లో తోడికోడలి సరుకని కళ్లు మూసుకుని పాస్ వేశావు. ఇప్పుడు పెట్టెలు ఊడి నీ మీదికి వచ్చేసరికి మమ్మల్ని ముందుకు తోస్తున్నావు. అత్త కూడా అదే అంటోంది. ఆమెకు చదివి వినిపించలేదు, మొహం చూసి కనిపెట్టింది.

ఈరోజు లారీకి ఎత్తిన దొంతరలోంచే, నలుగురం చూస్తుండగా, పైనుంచి కొన్ని, అడుగునుంచి కొన్ని లాగి కట్ట కట్టాం. నలుగురి వేలిముద్రలూ కట్ట మీద వేశాం. ఇంక నీ ఇష్టం.

కృపమ్మ


ఆదోని,
29 అక్టోబరు 2024

అక్కా,

వేలిముద్రలున్న కట్టే ముందు విప్పాను.

ఆ కట్టలోవి అన్నీ పాసయ్యాయి. అదే దొంతరవి లారీలో వచ్చాయి కదా, వాటిలోంచి తీశాను. అన్నీ ఫెయిలయ్యాయి. తక్కెడ చెడిందేమో అని వేరే తక్కెడ తెప్పించాను. గోడౌను నేల చెమ్మ లాగుతోందేమో అని పాసైన కాగితాన్ని అక్కడే ఆ నేల మీదే ఉంచి మళ్లీ చూశాను, దానికేమీ కాలేదు. లారీ మీద పట్ట కప్పుతున్నారా అని అడిగాను, కప్పుతున్నారు. ఒకే దొంతర రెండు దారుల్లో వస్తే రెండు కాగితాలు అవుతున్నాయి. నాకు పిచ్చెక్కుతోంది.

నేను కళ్లు మూసుకుని పాస్ వేయలేదు. ప్రతిసారీ రెండు పరీక్షలు పెట్టాను. నువ్వు ఆ మాట రాసినప్పుడు నాకూ కోపం వచ్చింది. అయినా నీ మాట నమ్మాలనే ఉంది. నమ్మితే నా పరీక్ష అబద్ధమవుతుంది, పరీక్షను నమ్మితే నువ్వు అబద్ధమవుతావు. మధ్యలో నేను ఎక్కడ నిలబడను?

శెట్టి గారు వచ్చే నెల పదో తేదీ దాకా గడువిచ్చారు, అంటే నవంబరు పది. అప్పటికీ తేలకపోతే మీ సరుకు ఆపేస్తారు, నన్నూ ఆ గదిలోంచి పంపించేస్తారు. ఒకసారి నువ్వే ఆదోనికి రా అక్కా. ఎదురెదురుగా నిలబడి చేద్దాం.

సునీత


ఎమ్మిగనూరు,
4 నవంబరు 2024

సునీతకు,

నేను రాను. ముద్దాయిలాగా నీ బల్ల ముందు వచ్చి నిలబడే ఓపిక నాకు లేదు.

పూత పని నాలుగు రోజులుగా ఆగిపోయింది. లారీ రావడం లేదు. మిగతా ఇద్దరు కూలికి పత్తి చేలకు పోతున్నారు. మేరి మొగుడు మళ్లీ సుగ్గికి మనుషుల్ని తీసుకుపోయే మేస్త్రీతో మాట్లాడుతున్నాడని విన్నాను. నేను అడగలేదు. ఏ మొహం పెట్టుకుని అడగను?

ఎల్లుండి ఆఖరి కట్ట పంపిస్తాను. పంపిస్తానని మాటిచ్చాను కాబట్టి పంపిస్తున్నాను. దానికి జవాబు రాయనక్కర లేదు. రాసినా చదివేవాళ్లు లేరు.

కృపమ్మ


ఆదోని,
6 నవంబరు 2024, సాయంత్రం

అక్కా, అక్కా,

దొరికింది. ముందు అది చెప్పనీ. తప్పు మీది కాదు.

నీకు ఫోన్ చేశాను. అత్త ఎత్తింది, స్పీకరు పెట్టింది. నువ్వు పక్కన ఉండి, లేనని చెప్పమన్నది నాకు స్పష్టంగా వినిపించింది. వీధి వీధంతా వింటుంటే ఈ సంగతి అరిచి చెప్పలేక పెట్టేశాను. అందుకే రాస్తున్నాను. తిరుగు బస్సుకే సోమప్పన్న చేతికిస్తాను. కోపం ఉంటే ఉండనీ, చదువు.

ఎప్పుడూ మా వాచ్‌మన్ బస్టాండుకు పోయి కట్ట తెస్తాడు. దారిలో టీ తాగి, నలుగురితో మాట్లాడి, తీరిగ్గా తెచ్చి బల్ల మీద పెడతాడు. ఈరోజు అతను సెలవు. నేనే పోయాను. సోమప్పన్న తన సీటు పక్కనున్న ఇంజను బానెట్టు మీదినుంచి కట్ట ఎత్తి నాకిచ్చాడు. "ఎమ్మిగనూరు నుంచి ఈడనే పెట్టుకున్నా తల్లీ, ఎవురినీ ముట్టనీలేదు," అన్నాడు. నేను చేతులు మార్చుకున్నాను. పెనం మీదినుంచి దించిన రొట్టెలా కాలుతోంది.

అక్కడే నిలబడిపోయాను. వెనక బస్సులు హారన్ కొడుతున్నాయి.

గదికి వచ్చి, గోడౌనులోని పాడు కాగితం ఒకటి తీసుకుని, మీద పలచటి బట్ట పరిచి ఇస్త్రీ పెట్టె తిప్పాను. చల్లారాక నీళ్లు పోశాను. నిలబడ్డాయి. ఇంకొకటి చేశాను, ఇంకొకటి చేశాను. అన్నీ పాసే.

ఆ పూతమందు ఆరడం వేరు, పట్టడం వేరు. చేతికి అంటుకోకపోతే ఆరిందని మనం అనుకున్నాం. కానీ అందులోని రేణువులు కరిగి ఒకదానికొకటి అతుక్కోవాలంటే వేడి తగలాలి. మొదట్లో ఎండలకు మీ రేకుల షెడ్డే ఆ వేడి ఇచ్చింది. వానలు వచ్చాక ఇవ్వలేదు. లారీలో వచ్చినవి చల్లగానే వచ్చాయి. నాకు పంపినవి మాత్రం ప్రతిసారీ ఇంజను మీద కాగి వచ్చాయి. జాగ్రత్తగా పెట్టుకోమని నువ్వు చెప్పినందుకు ఆయన జాగ్రత్తగా పెట్టుకున్నాడు. ఎవరిని ఏమనాలి?

నన్నే అనాలి. తయారైన కాగితాన్ని పరీక్షించడం నా పని. నా దగ్గరికి చేరిన కాగితాన్ని పరీక్షించి సంతకం పెట్టాను. లారీ దిగిన సరుకులోంచి మొదటి రోజే ఒకటి లాగి ఉంటే పత్తికొండలో ఒక్క కాయ కూడా నేల మీద పడేది కాదు. పైగా నిన్ను అడగరాని మాట అడిగాను. నీ ముందు తల ఎత్తుకోలేను అక్కా.

ఇంకొక సంగతి. గోడౌనులో నా సంతకంతో ఇంకా సరుకు ఉంది. గడువు లోపల అది గప్‌చిప్‌గా వేడి చేయించి, ఏమీ జరగనట్టు ఉండొచ్చు అని కాసేపు అనుకున్నాను. అబద్ధం ఎందుకు, అనుకున్నాను. కానీ అందులో కొంత ఇప్పటికే పెట్టెలై బయట తిరుగుతోంది. రేపు పొద్దున శెట్టి గారికి అంతా చెప్పేస్తాను. నన్ను ఉంచుతారో పంపిస్తారో తెలియదు. మీ పని మాత్రం పోనివ్వకూడదని బతిమాలతాను.

మేరికి ఈరోజే చెప్పు. దొంగలం కాదని చెప్పు.

నీ సునీత


ఎమ్మిగనూరు,
10 నవంబరు 2024, ఆదివారం

సునీతా, నా తల్లీ,

ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను.

నీ ఉత్తరం బుధవారం చీకటి పడకముందే నా చేతికి వచ్చింది. సోమప్ప ఇంటి దాకా వచ్చి ఇచ్చాడు, "ఆ పాప శానా కంగారుగా ఉండాది, సదువమ్మా," అని కూడా అన్నాడు. నేను విప్పలేదు. చదివేవాళ్లు లేరని రాసిన దాన్ని కదా, నా మాట నేను నిలబెట్టుకోవాలనుకున్నాను. బైబిలు పక్కన గూట్లో పెట్టాను. గురువారం ఉంది అక్కడే. శుక్రవారమూ ఉంది. వస్తూ పోతూ దాన్ని చూశాను, అది ఉందని తెలిసీ చూడనట్టు పోయాను.

శుక్రవారం తెల్లవారుజామున సుగ్గి లారీ వచ్చింది. మేరి పోయింది, మొగుడూ పిల్లలూ పోయారు. సామాను ఎక్కించేటప్పుడు పోయి నిలబడ్డాను. పిల్లలు బళ్లో ఇచ్చిన బ్యాగులు భుజాన వేసుకుని లారీ ఎక్కారు. అక్కడ బడి ఉంటుందనుకున్నారేమో.

శనివారం మీ శెట్టి గారు కారులో మా షెడ్డుకు వచ్చారు. నేను కూర్చోమనే లోపల ఆయనే అన్నారు: "అంతా నీకు రాసినానని సునీత చెప్పింది. ఇంక నేను చెప్పేదేముంది." ఇంటికి పరుగెత్తి, నీ ఉత్తరం గూట్లోంచి తెచ్చి, ఆయన చూస్తుండగానే చింపి చదివాను. చదువుతుంటే అక్షరాలు కలిసిపోయాయి. ఆయనకు అర్థమైంది. పెద్దమనిషి, మొహం అవతలికి తిప్పుకున్నారు.

మా పని నిలబడింది. మిల్లులో పాత వేడిగాలి పెట్టె ఒకటి ఉందట, పంపిస్తానన్నారు. గోడౌను సరుకంతా దాంట్లో మళ్లీ పెట్టి ఇవ్వాలి, ఇకమీదట లారీ దిగిన దొంతరలోంచే పరీక్ష చేయాలి. నీ గురించి అడిగాను. నిన్ను పంపించేశానన్నారు. ఎందుకయ్యా, నిజం చెప్పింది కదా అన్నాను. "చెప్పింది. కానీ మూడు నెల్లు నా సరుకు మీద సంతకం పెట్టిందీ ఆ పిల్లే. రెండూ చూడల్ల గదమ్మా," అన్నారు.

నిన్న రాత్రి మేరికి ఫోన్ చేశాను. స్పీకరు నేనే పెట్టాను, అత్త కూడా వినాలని. అంతా చెప్పాను, ఉత్తరం విప్పని సంగతి కూడా. ఆ వైపు పిల్లల గోల వినిపిస్తోంది. "మేస్త్రీకి మాటిచ్చి వచ్చినాం అక్కా, కోత అయ్యేదాకా రానీడు," అంది. మళ్లీ తనే, "మన కాగితం మంచిదేనంట గదా," అంది. అత్త ఫోన్ నా చేతిలోంచి తీసుకుని, మంచిదే, మంచిదే అని మూడిళ్లకు వినిపించేటట్టు చెప్పింది.

నేను నిన్ను కళ్లు మూసుకుని పాస్ వేశావని రాశాను. తెరిచిన కళ్లతో నీ ఉత్తరం గూట్లో పెట్టింది నేను. నీ తప్పుకు నువ్వు ఉద్యోగం పోగొట్టుకున్నావు. నా తప్పుకు మేరి పిల్లలు మిరప చేలో ఉన్నారు. నాది పెద్దది.

షెడ్డులో రోలరు దగ్గర మేరి చోటు ఖాళీగా ఉంది. వచ్చేదాకా ఆ చోటు ఆమెదే. అప్పటిదాకా నువ్వు నిలబడాలి. పూత వేసే చోటే పరీక్ష చేసే మనిషి కూడా కావాలి మాకు. పెద్దదాన్నన్న హక్కుతో పిలవడం లేదు, అడుగుతున్నాను, రా.

ఈ ఉత్తరం సోమప్పకు ఇవ్వను. రేపు మొదటి బస్సుకు నేనే తెచ్చి నీ చేతికిస్తాను. నువ్వు విప్పకపోయినా అడగను. విప్పేదాకా నీ గడప దగ్గరే కూర్చుంటాను.

నీ అక్క,
కృపమ్మ